కొనకుండా ల్యాప్‌టాప్ సంపాదించే దారి నిజంగా ఉందా?

మహేంద్రతనయ_గట్టు

అందరికీ నమస్తే. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, డిగ్రీ రెండో ఏడాది. ల్యాప్‌టాప్ అడిగితే నాన్న "వచ్చే ఏడు చూద్దాం" అంటున్నారు, పోయిన ఏడూ అదే మాట. ఆయన్ని అనలేను, చెల్లి నర్సింగ్ ఫీజు ఈ నెలే కట్టారు. ప్రస్తుతానికి ఫోన్‌లోనే కోడింగ్ నేర్చుకుంటున్నాను. స్క్రీన్‌లో సగం కీబోర్డే ఆక్రమిస్తుంది, ఒక్క బ్రాకెట్ కోసం మూడుసార్లు నొక్కాలి, ఆ లోపు రాయాలనుకున్నది మర్చిపోతాను.

రివ్యూలు రాస్తే కంపెనీలు ఆ వస్తువునే ఇచ్చేస్తాయని వీడియోల్లో చూశాను. సరిగ్గా అప్పుడే టెలిగ్రామ్‌లో ఒకావిడ మెసేజ్ పెట్టింది, హోటళ్లకు ఐదు స్టార్లు ఇస్తే ఒక్కోదానికి 50 రూపాయలట. మూడు చేశాను, 150 నిజంగానే పడ్డాయి. ఇప్పుడు 2,000 కడితే 'ప్రీమియం టాస్క్' ఇస్తారట, అవి పూర్తి చేస్తే ల్యాప్‌టాప్ ఇంటికే వస్తుందట. కట్టమంటారా? లేకపోతే పని చేసి సంపాదించే దారి ఇంకేదైనా ఉందా? నాకు తెలుగు, ఒడియా రెండూ రాయడం వచ్చు. చదువు ఒడియా మీడియం, తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నాను.

నాగావళి_అక్క

కట్టకు. ఆ 150 నీకిచ్చిన జీతం కాదు తమ్ముడూ, ఎర. నాకు 200 పడ్డాయి, ఆ నమ్మకంతో మొదట 1,000, తర్వాత 3,000 కట్టాను, "మీ ఖాతాలో 9,400 ఉన్నాయి, తీసుకోవాలంటే ఇంకో 5,000 కట్టండి" అన్నప్పుడు కూడా కట్టాను, అదీ నా తెలివి. మా ఆయనకు ఆర్నెల్ల దాకా చెప్పలేదు. నువ్వు ఇంకా ఏమీ కట్టలేదు కాబట్టి ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేయ్, మెసేజ్‌లు మాత్రం చెరిపేయకు, అవే సాక్ష్యం. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఇది చదువుతుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు వాళ్ల ఖాతాలు దాటిపోకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. నేను సిగ్గుతో ఆగిపోయాను, అప్పటికి అంతా అయిపోయింది.

ప్రాణహిత_టెక్

మాది సిరోంచ, తెలుగులో చిన్న టెక్ ఛానల్ నడుపుతున్నాను కాబట్టి రివ్యూల సంగతి నాకు తెలిసినంత చెబుతాను. రివ్యూ రాసి ల్యాప్‌టాప్ తెచ్చుకోవడం అబద్ధం కాదు, కాకపోతే వీడియోల్లో చూపించేది చివరి సీన్. మొదటి రెండేళ్లు నేను రివ్యూ చేసినవన్నీ సొంత డబ్బుతో కొన్నవీ, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చినవీ. ఒకసారి మా బావమరిది కొత్త ల్యాప్‌టాప్ రెండు రోజులు తెచ్చుకుంటే వాడు ఫోన్ చేసి చేసి చంపేశాడు. తర్వాత ఒక కంపెనీ పంపింది, అదీ రెండు వారాలకే. వాడి, వీడియో తీసి, పెట్టెతో సహా వెనక్కి పంపాలి. మా ఊరికి కొరియర్ వచ్చేసరికే నాలుగు రోజులు పోయాయి.

అమెజాన్ వైన్ లాంటివి కూడా ఉన్నాయి, వస్తువు ఉచితంగా ఇచ్చి రివ్యూ రాయమంటారు, కానీ వాటిలో చేరతామని మనం దరఖాస్తు పెట్టుకోలేం, పిలుపు వాళ్ల నుంచే రావాలి. ముందు నువ్వు కొన్నవాటికి పనికొచ్చే రివ్యూలు రాసి ఉండాలి.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఛానల్ పెట్టి రివ్యూలు చేసేవాళ్లకు ఇచ్చిన వస్తువు ఉంచుకుంటే అది ఆదాయమే. 2022 జూలై 1 నుంచి ఆదాయపు పన్నులో ఈ రూలు వచ్చింది (అప్పట్లో 194ఆర్ అనే సెక్షన్), ఏడాదిలో ఒకరిచ్చిన వాటి విలువ 20,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను. వెనక్కి ఇచ్చేస్తే లేదు. అంటే 60,000 ల్యాప్‌టాప్ 'ఉచితంగా' వస్తే 6,000 పన్ను కట్టినట్టు చూపించాక గానీ చేతికి రాదు. ఆ 6,000 ఎక్కడినుంచి తెస్తావు? డబ్బు తీసుకుని ఐదు స్టార్లు కొట్టే పని మాత్రం ఎప్పుడూ చేయకు తమ్మీ, మన రివ్యూ చదివి కొనేవాడూ మనలాంటోడే.

వంశధార_డీటీపీ

గుణుపురం నుంచి. పైన చెప్పినవాళ్లు ఏది కుదరదో చెప్పారు, నాకు కుదిరింది ఒకటి చెబుతాను. నా మొదటి కంప్యూటర్‌కి నేను ఒక్క రూపాయి ఇవ్వలేదు, నాలుగు నెలలు పెళ్లికార్డులు టైపు చేశాను.

మా వైపు సంగతి నీకు తెలిసిందే, పెళ్లికూతురు వాళ్లది తెలుగు, పెళ్లికొడుకు వాళ్లది ఒడియా, కార్డు రెండు భాషల్లో కావాలి. షాపులో ఒడియా టైపు చేసే ఆకృతి సాఫ్ట్‌వేర్ వచ్చినవాడు ఉన్నాడు, తెలుగు టైపు చేసే అనూ సాఫ్ట్‌వేర్ వచ్చినవాడు లేడు. తెలుగు పని వస్తే ఓనరు వేరే ఊరికి పంపించి చేయించుకునేవాడు, ప్రూఫు వచ్చేసరికి రెండు రోజులు. నేను వెళ్లి "నెలకు 3,000 ఇవ్వండి, కానీ చేతికి వద్దు, నాలుగు నెలలయ్యాక ఆ మూలనున్న సిస్టమ్ ఇచ్చేయండి" అన్నాను. నవ్వాడు, ఒప్పుకున్నాడు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉండేవి, అనూలో ఏ కీ ఏ అక్షరమో అట్ట మీద రాసి మానిటర్ పక్కన అతికించుకున్నాను. మొదటి వారంలోనే ఒక కార్డులో పెళ్లికూతురి ఇంటిపేరులో దీర్ఘం మింగేశాను, 300 కార్డులు అచ్చయ్యాక వాళ్ల మేనమామ చూశాడు. ఆ కాగితం ఖర్చు నా లెక్కలోంచి కోశారు, న్యాయమే.

పర్లాకిమిడిలో నీకు ఇంకా మంచి బేరం కుదరాలి, పక్కనే ఆంధ్ర వైపు పాతపట్నం. అటువాళ్ల కాగితాలు తెలుగులో, ఇటువి ఒడియాలో, రెండూ చదివి ఫారం నింపేవాడు దొరికితే ఏ జిరాక్స్ షాపువాడు వదులుకుంటాడు?

చిల్లర_ఖర్చు

డీటీపీ, అదే ఈ కార్డులు టైపు చేసి అచ్చుకిచ్చే పని, ఎప్పుడో చచ్చిపోయిందన్నా. ఇప్పుడు పెళ్లికార్డు వాట్సాప్‌లో వస్తోంది.

వంశధార_డీటీపీ

వాట్సాప్‌లో వచ్చేది కూడా ఎవడో ఒకడు టైపు చేసిందే కదా బాబూ. పోయిన మాఘంలో నాకు నిద్ర లేదు.

నాగావళి_అక్క

ఇంకో సంగతి గుర్తొచ్చింది. 2018లో వికీమీడియా ఫౌండేషన్, గూగుల్ కలిసి ప్రాజెక్ట్ టైగర్ అని పెట్టి, భారతీయ భాషల వికీపీడియాల్లో రాసేవాళ్లకు క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లు, ఇంటర్నెట్ ఖర్చు ఇచ్చారు. తెలుగు కూడా అందులో ఉంది. కానీ అవి అప్పటికే రాస్తున్నవాళ్లకు. ల్యాప్‌టాప్ ఇస్తారని రాయడం మొదలుపెట్టినవాళ్లకు కాదు.

మహేంద్రతనయ_గట్టు

అందరికీ థ్యాంక్స్. గ్రూపులోంచి వచ్చేశాను, ఆవిడ వెంటనే ఫోన్ చేసింది, ఎత్తలేదు. సాయంత్రం బస్టాండు దగ్గర షాపుకి వెళ్లి అడిగాను. తెలుగు వచ్చంటే ఓనరు ఒక పాత దస్తావేజు చేతిలో పెట్టి చదవమన్నాడు. సగం అర్థం కాలేదు కానీ చదివాను. రోజూ సాయంత్రం మూడు గంటలు, ఐదు నెలలు, ఆ తర్వాత వాళ్ల పాత ల్యాప్‌టాప్ ఇస్తానన్నాడు. స్టిక్కర్ మీద ప్రాసెసర్ ఐ5 అని ఉంది. తీసుకోవచ్చా అన్నయ్యా?

వంశధార_డీటీపీ

స్టిక్కర్ చూసి మోసపోకు. ఆన్ చేసి సిస్టమ్ వివరాల్లో ఐ5 పక్కన నంబరు చూడు, 8250 అనో 10210 అనో ఉంటే విండోస్ 11 పడుతుంది. 3, 4, 5, 6తో మొదలయ్యే నాలుగంకెల నంబరైతే పాతది, విండోస్ 10 దగ్గరే ఆగిపోతుంది, 7 అయినా దాదాపు అంతే. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అలాంటిదే అయితే ఐదు నెలలు ఎక్కువ, మూడుకి దించు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకో, నీ కోడింగ్‌కి హాయిగా సరిపోతుంది. పాతరకం హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేసి ఇమ్మను. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందో అక్కడే కూర్చుని చూడు.

అన్నిటికంటే ముందు, ఏ నెలకు ఎంత లెక్క, మధ్యలో మానేస్తే ఎంత ఇస్తాడు, ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించు. తెలుగులోనైనా ఒడియాలోనైనా సరే. నేను రాయించుకోలేదు, నాలుగు నెలలు పూర్తయ్యాక మానిటర్ ఈ బేరంలో లేదన్నాడు.