పిల్లాడి ఆరోగ్యం గురించి ఎవర్ని అడగాలి? పిల్లాడినా, ఇంట్లోవాళ్ళనా?

పాలకొల్లు అమ్మ:
బళ్ళో మూడో తరగతి పిల్లలకి ఓ ప్రశ్నల కాగితం ఇచ్చారండీ. పోయిన వారం ఒంట్లో ఎలా ఉంది, హుషారుగా ఉన్నావా, దిగులేసిందా అని. మావాడికి ఎనిమిదేళ్ళు. లెక్కల పరీక్షంటే చాలు, కడుపునొప్పి అంటాడు. వాడి మాట పట్టుకుని కొలతలేంటి? మమ్మల్ని అడిగితే చెప్పమా?

భీమవరం మాస్టారు:
అమ్మా, నేను మాత్రం పిల్లల పక్షమే. యూరప్‌లో తయారైన కిడ్‌స్క్రీన్ ప్రశ్నావళి 8 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకోసమే. అందులోనూ అడిగేది గడిచిన వారం సంగతే, అంతకు ముందువి చిన్నవాళ్ళకి సరిగా గుర్తుండవు గనక. పెడ్స్‌క్యూఎల్ అనే ఇంకో దాంట్లో 5 ఏళ్ళ వాళ్ళని కూడా అడుగుతారు. పెద్దవాళ్ళు చదివి వినిపిస్తే, పిల్లలు మూడు ముఖాల బొమ్మల్లో ఒకటి చూపిస్తారు.

రెండిట్లోనూ తల్లిదండ్రులకి వేరే కాగితం ఉంది, మిమ్మల్ని వదిలేయలేదు. పరుగెత్తడం, నడవడంలాంటి కంటికి కనబడేవాటిలో ఇద్దరి జవాబులూ చాలావరకు కలుస్తాయి. భయం, దిగులు దగ్గరికొచ్చేసరికి బాగా తేడా వస్తుంది. ఆటల్లో మీవాణ్ణి ఎవరూ చేర్చుకోకపోతే ఆ సంగతి ఇంట్లో మీకెలా తెలుస్తుంది? పరీక్షనాటి కడుపునొప్పిని నాటకం అనుకోకండి. బెంగపడితే పిల్లలకి నిజంగానే కడుపులో నొప్పొస్తుంది.

రాజోలు నర్సు:
మాస్టారూ, ఒక్క దగ్గర మీతో ఒప్పుకోనండి. రక్తం తక్కువున్న పిల్లకి నీరసం అలవాటైపోతుంది. ఎలా ఉన్నావే అంటే బాగానే ఉన్నానంటుంది, అబద్ధమాడి కాదు. కనురెప్ప కిందకి లాగి చూడాలి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి. బళ్ళకొచ్చి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ పథకం, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అందుకే ఉంది. కాగితం దానికి తోడుండాలిగానీ దాని బదులు కాకూడదు. ఇంకోటి, పక్కన టీచర్ నిలబడితే ఏ పిల్లాడూ నిజం రాయడు.

పాలకొల్లు అమ్మ:
సరే, అడగండి. మరి మావాడు ఏం రాశాడో నాకు చూపిస్తారా?

భీమవరం మాస్టారు:
చూపించకూడదు. అమ్మ చూస్తుందని తెలిస్తే మీకు నచ్చినట్టే రాస్తాడు. పిల్లల అభిప్రాయానికి విలువివ్వాలని 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో ఉంది, 1992లో మన దేశమూ ఒప్పుకుంది.

రాజోలు నర్సు:
అన్నీ దాచితే ఎలాగండీ? ఎవరో కొడుతున్నారనో, తిండి సయించడం లేదనో రాస్తే ఇంటికి చెప్పకుండా ఎవరు చూస్తారు? కొట్టేది ఇంట్లోవాళ్ళే అయితే అప్పుడు వేరే దారి వెతకాలి. ఏది ఎవరికి చెబుతామో పిల్లాడికి ముందే చెప్పి, ఆ తర్వాతే కాగితం ఇవ్వాలి.

పాలకొల్లు అమ్మ:
మా బళ్ళో ఆ మాట ఎవరూ చెప్పలేదు. సోమవారం వెళ్ళి హెడ్మాస్టరు గారిని అడుగుతాను.