ఇరవై మూడుని 203 అని రాస్తోంది. ఇంట్లో ఉన్నవాటితో ఎలా నేర్పాలి?

చిన్నీవాళ్ళమ్మ:
పాపకి ఆరో ఏడు, ఒకటో తరగతి. నూరు దాకా గడగడా అప్పజెబుతుంది. రాయమంటే మాత్రం ఇరవై మూడు 203, నలభై ఏడు 407. ఇంగ్లీషులో థర్టీన్ అంటే 31 వేస్తుంది. పదేసిసార్లు రాయిస్తే ఆ పూటకి సరిగ్గా రాస్తుంది, మర్నాడు మళ్ళీ మామూలే. అబాకస్ కొనమంటారా? ఇంట్లో రెండేళ్ళ బాబు కూడా ఉన్నాడు, అందుకని చింతగింజల జోలికి వెళ్ళట్లేదు.

లెక్కలపంతులు:
అబాకస్ ఇప్పుడే వద్దండి. అందులో పక్క ఊచ మీది ఒక్క పూసని పది అనుకోమంటాం. పాపకి అందని సంగతి సరిగ్గా అదే. 203 పరాకు వల్ల వచ్చిన తప్పు కాదు: ఇరవై అంటే 20, మూడు అంటే 3, విన్నది విన్నట్టు పక్కపక్కన పెట్టేస్తోంది. అందుకే ఎన్నిసార్లు రాయించినా నిలవదు.

కొబ్బరి ఈనెల చీపురు ఒకటి తీసుకోండి. ఈనెల లావు భాగం నుంచి 8 సెం.మీ. ముక్కలు ఒక అరవై కోయండి. కొసలు గుచ్చుకుంటాయి, గరుకు కాగితం మీద రుద్దాలి. కట్టడానికి చిన్న రబ్బరు బ్యాండు ఈ వయసు వేళ్ళకి మెలిక పడదు. జడకి పెట్టుకునే గుడ్డ రబ్బరైతే రెండు చుట్లకి బిగుస్తుంది. పాత క్యాలెండర్ కాగితం తిరగేసి మధ్యలో గీత గీసి, పాపకి ఎడమవైపు పదులు, కుడివైపు ఒకట్లు అని రాయండి. మీరు ఎదురుగా కూర్చుంటే మీకు అది తిరగబడుతుంది, కాబట్టి పక్కన కూర్చోండి.

పిడికెడు పుల్లలు పోసి లెక్కపెట్టమనండి. పది కాగానే తనే కట్ట కట్టి ఎడమకి జరపాలి. కట్టలు మీరు కట్టి ఇస్తే మొత్తం దండగ. అప్పుడు కట్ట పాపకి ఒక లావు పుల్లే అవుతుంది. కొన్నాళ్ళు ప్రతి కట్టనీ విప్పి మళ్ళీ లెక్కపెడుతుంది, ఆపకండి. కట్టలో పదే ఉన్నాయని నమ్మకం కుదిరాక తనే మానేస్తుంది.

పలకాబలపం:
పంతులుగారు చెప్పిన కట్టలు కుదిరాకే కాగితం మీదికి రావాలి. 203 కి మందు అట్టముక్కలు. పాత శుభలేఖల అట్ట చాలు. 10 నుంచి 90 దాకా పదుల అట్టలు 10 సెం.మీ. వెడల్పు, 1 నుంచి 9 దాకా ఒకట్ల అట్టలు సరిగ్గా 5 సెం.మీ., ఎత్తు అన్నిటికీ ఒకటే. పదుల అట్టలో సున్నా కుడి సగంలోనే పడాలి. రెండు కట్టలు, మూడు పుల్లలు పెట్టి 20 అట్ట తీసుకోమనండి. 3 అట్టని దాని సున్నా మీద కప్పితే 23 కనబడుతుంది. పైది ఎత్తితే 20 కిందే ఉంది. కొలత కాస్త తప్పినా సున్నా సగం బయటికి తొంగిచూసి మళ్ళీ 203 లాగే ఉంటుంది, కాబట్టి స్కేలుతో కొయ్యండి.

థర్టీన్ సంగతి వేరు. ఇంగ్లీషులో మూడు ముందు వినబడుతుంది, కాబట్టి 3 ముందు వేస్తారు. పుల్లలు పెట్టేటప్పుడు "ఒక పది, మూడు, పదమూడు" అని తెలుగులో అనిపించి, తర్వాత థర్టీన్ అనండి. 11 నుంచి 19 ముందు చెప్పాలనే పట్టింపు కూడా వద్దు. పదకొండు, పన్నెండు పలుకులో పదులు, ఒకట్లు విడిగా తేలవు. 21 నుంచి 29 ముందు చేయించి వెనక్కి రండి.

చిన్నీవాళ్ళమ్మ:
ధన్యవాదాలండి. పది రూపాయల నోటు, రూపాయి బిళ్ళలతో చేయించొచ్చా? వైకుంఠపాళి పటం కూడా ఉంది.

లెక్కలపంతులు:
డబ్బులు తర్వాత. నోటుని విప్పితే పది బిళ్ళలు రాలవు కదా. 32 లోంచి 7 తీసేయమన్నప్పుడు కట్ట విప్పడం ఇబ్బంది లేకుండా వచ్చిందంటే అప్పుడు నోటు మార్చే ఆట పెట్టండి.

వైకుంఠపాళి సరదాకి సరే. కానీ నూరు గళ్ళ పటంలో ఒక వరస ఎడమ నుంచి కుడికి, పై వరస కుడి నుంచి ఎడమకి పోతుంది. 3 పైన 13 ఉండదు, 18 ఉంటుంది. వరసకి పది చొప్పున, ప్రతి వరసా ఎడమ నుంచే మొదలయ్యేలా మీరే గీయండి. 3, 13, 23 ఒకే నిలువులో పడతాయి. ఒక గడి మీద సీసా మూత బోర్లించి కింద ఎంతుందో అడగండి. పందెం వేసి కాయ జరిపేటప్పుడు ఒకటి, రెండు అని కాదు, 14 లో ఉంటే "15, 16" అంటూ గళ్ళ అంకెలే చదవాలి.

అంగన్‌వాడీఅక్క:
బాబు గురించి ఎవరూ అనలేదు. గింజలు ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, గొంతుకి అడ్డం పడతాయి. మానేసి మంచి పని చేశారు. ఈనెపుల్లలు కూడా కళ్ళకి ప్రమాదమే, బాబు పడుకున్నాక తీయండి. పది, పదిహేను నిమిషాలు చాలు.

తొందర కూడా లేదు. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో బాలవాటికకి, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాదికి, 10 దాకా అంకెలు గుర్తుపట్టి చదవడం, ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 99 దాకా చదవడం, రాయడం. అర్థమైందో లేదో చూడాలంటే 16 పుల్లలు పోసి, కాగితం మీద 16 రాయండి. అందులో 6 చూపించి "ఇన్ని తియ్యి" అంటే ఆరు తీస్తుంది. తర్వాత 1 చూపించి అడగండి. చాలామంది పిల్లలు ఒక్క పుల్ల తీసి, మిగిలిన తొమ్మిదినీ పట్టించుకోరు. పాప ఒక్కటే తీస్తే అట్టలు పక్కన పెట్టి మళ్ళీ కట్టల దగ్గరికి వెళ్ళండి, పది తీస్తే రాత మొదలుపెట్టొచ్చు.