జర్మనీకి పోయి మళ్ళీ పల్లెటూరిలోనే ఉండాలా? తమ్ముడి రూం సంగతి తేల్చండి

బత్తాయి తోట

అందరికీ నమస్తే. వారం నుంచి మా ఇంట్లో ఒకటే లొల్లి. తమ్ముడికి జర్మనీలోని తురింగియా రాష్ట్రంలో ఒక కాలేజీలో మాస్టర్స్ సీటు వచ్చింది. మన డిగ్రీలు సరైనవేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్, వీసా అన్నీ అయిపోయాయి, అక్టోబరులో క్లాసులు. హాస్టల్‌కి అప్లై చేస్తే వెయిటింగ్ లిస్టు అన్నారు. కాలేజీ ఉన్నదే చిన్న టౌను, అక్కడ రూములు దొరకట్లేదు.

ఇప్పుడు చేతిలో రెండున్నాయి. ఒకటి, కాలేజీకి 9 కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. రిటైరైన ముసలి దంపతుల ఇంట్లోనే, మంచం బీరువాతో సహా పైన ఒక గది. హీటర్ ఖర్చు కలుపుకొని 260 యూరోలు. రెండోది ఎర్‌ఫుర్ట్ సిటీలో మనవాళ్ళు ముగ్గురు ఉంటున్న ఫ్లాట్. తమ్ముడి వాటా 410 యూరోలు, కాలేజీకి రైల్లో గంట పైనే.

తమ్ముడేమో పల్లెకే మొగ్గుతున్నాడు. మా నాయిన "ఎకరం కుదువబెట్టి దేశం దాటించేది మళ్ళీ ఊర్లో పడేయడానికా" అంటున్నాడు. మాది మునుగోడు దిక్కు. ఊరి నుంచి బయటపడాలనే ఆయన పిల్లల్ని చదివించాడు, కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేకపోతున్నా. అక్కడ ఉండి వచ్చినవాళ్ళు, ఉన్నవాళ్ళు చెప్పండి.

పాలమూరు పోరడు

అన్నా, ఇంకో మాట లేకుండా పల్లె తీసుకోమను. నేను అక్కడే బవేరియా రాష్ట్రంలో ఆరేడు వందల మంది ఉండే ఊర్లో రెండేళ్ళున్నా. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా మక్కచేను, పేడ వాసన. మొదటిరోజు వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ "ఇదేందిరా, జడ్చర్ల కూడా దాటినట్టు లేవు" అన్నది.

అసలు లాభం భాష. సిటీలో మనోళ్ళ ఫ్లాట్‌లో ఉంటే పొద్దున తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, రాత్రి మళ్ళీ తెలుగు. రెండేళ్ళ తర్వాత కూడా జర్మన్ 'డాంకె' (థాంక్స్), 'చూస్' (బై) దగ్గరే ఉంటుంది. చదువైపోయాక ఉద్యోగం వెతుక్కోవడానికి వాళ్ళిచ్చేది 18 నెలలు. కోడింగ్ బాగా వచ్చిన మా బ్యాచ్ పిల్లలే జర్మన్ రాక ఆ 18 నెలల్లో ఎన్ని తిప్పలు పడ్డారో కళ్ళారా చూసిన.

పల్లెలో తప్పించుకోవడానికి ఉండదు. బ్రెడ్డు కొనాలన్నా జర్మనే. దారిలో ఎదురైన ప్రతి మనిషికీ 'గ్రూస్ గాట్' అని నమస్తే చెప్పాలి, చెప్పకుండా పోతే సాయంత్రానికల్లా ఓనరమ్మకి కబురు చేరుతుంది. మన ఊర్లలో లేదా ఈ పద్ధతి? మనకి కొత్తేం కాదు.

దేవరకొండ డిపో

పై తమ్ముడు ఎండాకాలం ఫొటో చూపిస్తున్నాడు. నేను చలికాలం చెప్తా. నేనున్నది కూడా తురింగియాలోనే, ఇలాంటి ఊరే, ఒక్క సెమిస్టర్‌కే దండం పెట్టి బయటపడ్డ.

బస్టాపులో టైంటేబుల్ చక్కగా అద్దం వెనక పెట్టి ఉంటది. పొద్దున 6:52, 7:31, మధ్యాహ్నం రెండు, ఆఖరిది సాయంత్రం 6:50. మన పల్లె వెలుగు కంటే నయమే అనుకున్న. క్లాసులు మొదలైన మొదటి వారం, 7:31 బస్సు కోసం పావుతక్కువ ఎనిమిది దాకా నిలబడ్డ. రాలేదు. జర్మనీలో బస్సు లేటేంటి అనుకుంటూ ఎనిమిదింబావు దాకా చూసిన. కుక్కని తిప్పుతున్న ముసలాయన ఆగి, అద్దం మీద వేలు పెట్టి చూపించిండు. 7:31 పక్కన ఇంత చిన్న 'ఎస్' అక్షరం. బడి ఉన్న రోజుల్లోనే నడుస్తుందని దానర్థం. అక్టోబరులో అక్కడ బడిపిల్లలకి రెండు వారాల సెలవులు, సరిగ్గా అప్పుడే మనకి కాలేజీ తెరుస్తారు. ఆ ఊరి బస్సు నడిచేదే బడిపిల్లల కోసం, మనం వాళ్ళ మధ్య ఎక్కుతాం, అంతే. ఆ రోజు 9 కిలోమీటర్లు నడిచి పోయిన. మొదటి క్లాసు అయిపోయింది, రెండోదానిలో కూర్చుంటే చలికి చేతివేళ్ళు కదల్లేదు.

శనివారం రెండు బస్సులు. ఆదివారం సున్నా. ఆదివారం షాపులు కూడా బంద్, దేశమంతా. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే చీకటి పడుతుంది. ఆరు గంటలకి ఊరంతా తలుపులేసుకుంటారు. మన ఊర్లో అయితే రచ్చకట్టన్నా ఉంటది, అక్కడ ఊరు అనే పేరే గానీ మనిషి కనబడడు. ఇద్దరు తెలుగోళ్ళు పక్కన లేకపోతే ఎలా ఉంటదో నన్నడుగు. భాష వస్తదంటున్నాడు, మాట్లాడ్డానికి మనిషుంటే కదా!

మిర్యాల రైస్

రెండు పక్షాలూ భాష, బస్సు గురించే చెప్తున్నాయి, సంపాదన మాటేంది? లెక్క వేద్దాం.

వీసా కోసం ముందే ఖర్చుల డబ్బు వేసి పెట్టే బ్లాక్డ్ అకౌంట్‌లో పెట్టేది ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకి 992 చేతికొస్తాయి. హెల్త్ ఇన్సూరెన్సుకి దగ్గర దగ్గర 150 పోతుంది. పల్లెలో కిరాయి 150 తక్కువ, నిజమే. కానీ చాలామంది పిల్లలు చేసే మినీజాబ్‌లో, అంటే చిన్న పార్ట్ టైం పనిలో, నెలకి 603 యూరోల దాకా సంపాదించుకోవచ్చు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకి 13.90, అంటే నెలకి 43 గంటల పని చాలు. మన స్టూడెంట్లకి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయడానికి పర్మిషన్ ఉంది, రూల్ అడ్డం కాదు. అడ్డం డిపో అన్న చెప్పినట్టు సాయంత్రమే అయిపోయే ఆఖరి బస్సు. సూపర్ మార్కెట్లో, హోటల్లో స్టూడెంట్లకి దొరికేది సాయంత్రం షిఫ్టు. పది గంటలకి పని అయిపోతే 9 కిలోమీటర్లు ఎలా పోతాడు? 150 మిగిలి 603 పోతే ఏం లాభం?

(మా బామ్మర్ది సిటీలోనే ఉంటాడు. అయినా నెలాఖరుకి ఇంటికి ఫోన్ చేస్తాడు, అది వేరే కథ.)

పాలమూరు పోరడు

డిపో అన్నా, బస్సు సంగతి ఒప్పుకుంటా. కానీ చాలా జిల్లాల్లో 'రూఫ్‌బుస్' ఉంటుంది, ఫోన్ చేస్తే వచ్చే బస్సు. గంట ముందు ఫోన్ చేసి ఏ స్టాపు, ఎంతమంది, ఎన్నింటికి అని చెప్పాలి. అవతల ఎత్తే ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను కాగితం మీద రాసుకొని, అద్దం ముందు రెండుసార్లు చదువుకొని ఫోన్ చేసిన. జర్మన్‌లో నేను తడబడకుండా చెప్పిన మొదటి నాలుగు వాక్యాలు అవే. బస్సు వచ్చింది, ఒక్కడి కోసం ఎనిమిది సీట్ల వ్యాను. రాజు లెక్క ఎక్కి కూర్చున్న.

పాత సైకిల్ కూడా కొనుక్కోమను. మంచు పడనన్ని రోజులు 9 కిలోమీటర్లు అరగంట.

అక్కడి ఊరోళ్ళు వాళ్ళ యాసలో మాట్లాడతారు, క్లాసులో నేర్చుకున్న జర్మన్ పనిచేయదని కూడా ఎవరో ఒకరు అంటారు, ముందే చెప్తున్నా. నిజమే, మొదటి నెల ఒక్క ముక్క అర్థం కాదు. హైదరాబాదులో పుస్తకం తెలుగు నేర్చుకున్న మనిషిని తెచ్చి మా నారాయణపేట సంతలో నిలబెడితే అర్థమవుతుందా? రెండు నెలలాగితే చెవికి అదే అలవాటైతది.

కల్వకుర్తి అక్క

మగపిల్లలు మగపిల్లల లెక్కే మాట్లాడుతున్నారు. నేను హెస్సె రాష్ట్రంలో పల్లెలో ఏడాదిన్నర ఉన్నా, ఆడపిల్లగా. రాత్రి ఆఖరి బస్సు దిగి ఇంటికి నడవడానికి హైదరాబాదులో పడ్డంత భయం ఎప్పుడూ పడలేదు. ఒంటరితనం మాత్రం డిపో తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను శుక్రవారం ఫ్రెండ్ దగ్గరికి సిటీకి పోయి ఆదివారం రాత్రికి వచ్చేదాన్ని. అలా బయటపడే దారి ఉంటేనే పల్లె భరించగలం.

ఎవరూ ఎత్తని సంగతి ఇంకోటుంది. 2024 సెప్టెంబరులో తురింగియా ఎన్నికల్లో బయటి దేశాలవాళ్ళ రాకని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ 32.8 శాతం ఓట్లతో మొదటి స్థానంలో వచ్చింది. ఊర్లో ముగ్గురిలో ఒకరు మీ తమ్ముణ్ణి కొడతారని కాదు నేననేది. ఇల్లు అద్దెకిచ్చే ఆ ముసలావిడ మంచిదే అయ్యుండొచ్చు, పక్కింటాయన చూపు వేరేగా ఉండొచ్చు. అది తెలిసి పోవాలి. అదే ఊర్లో ఇంతకుముందు మనలాంటి స్టూడెంటు ఎవరన్నా ఉన్నారా, వాళ్ళ నంబరు ఇస్తారా అని ఓనరమ్మనే అడగమను. జవాబు ఎలా చెప్తుందో దాన్నిబట్టే సగం తెలిసిపోతుంది.

వంట సంగతి. పోపు వాసన గురించి అందరూ భయపెడతారు, మా ఓనరమ్మ దాన్ని పట్టించుకోలేదు. ఆవిడ పోట్లాడింది గోడ మీది బూజు గురించి. చలికి కిటికీలు బిగించుకొని రోజూ అన్నం వండితే ఆ ఆవిరంతా పోయి కిటికీ పక్క గోడకి పడుతుంది. జనవరి నాటికి అర్ధచంద్రంలా నల్లటి మచ్చ. మైనస్ ఐదులో కూడా కిటికీ మొత్తం బార్లా తెరిచి ఐదు నిమిషాలుంచాలి, పొద్దున ఒకసారి, వండిన తర్వాత ఒకసారి. నాకు పిచ్చిపనిలా అనిపించి చేయలేదు. పోయేటప్పుడు అడ్వాన్సులో 180 యూరోలు పట్టుకుంది.

హుజూర్‌నగర్ ప్లీడర్

మా అమ్మాయి అగ్రిమెంటు కోసం అక్కడి కిరాయి చట్టం కొంత చదవాల్సి వచ్చింది. అందుకే ఈ రెండు ముక్కలు.

మామూలుగా అక్కడ ఇల్లు ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కానీ ఓనరు తానుంటున్న ఇంట్లోనే సామానుతో సహా ఒక మనిషికి గది ఇస్తే, నెలలో 15వ తేదీ లోపు చెప్తే ఆ నెలాఖరుకే ఖాళీ చేయొచ్చు. మీరు చెప్పింది సరిగ్గా అలాంటి గదే, అగ్రిమెంటులో వేరే గడువు రాశారేమో మాత్రం చూడండి. నచ్చకపోతే రెండు వారాల్లో బయటపడొచ్చు. కాకపోతే కత్తికి రెండు వైపులా పదునే, ఆవిడ కూడా అంతే తొందరగా వెళ్ళిపొమ్మనొచ్చు. మామూలు కిరాయిదారుకి ఉండే రక్షణ ఇలాంటి గదికి ఉండదు.

ఎర్‌ఫుర్ట్ ఫ్లాట్ విషయంలో ఒక్కటి అడగండి: ఓనరు సంతకం పెట్టిన నివాస పత్రం ఇస్తారా? దిగిన రెండు వారాల్లో అడ్రసు నమోదు చేసుకోవాలి, దానికి ఆ పత్రం తప్పనిసరి. ఓనరుకి తెలియకుండా నాలుగో మనిషిని పెట్టుకునే ఫ్లాట్లు చాలా ఉన్నాయి. ఆ నమోదు లేకపోతే వీసా పొడిగింపు దగ్గర ఇరుక్కుంటాడు. అడ్వాన్సు ఎక్కడైనా మూడు నెలల అసలు కిరాయికి (హీటర్ లాంటి ఖర్చులు కలపకుండా) మించకూడదు.

దేవరకొండ డిపో

ప్లీడర్ సాబ్ చెప్పిన నివాస పత్రం మాటకి నా ఓటు కూడా. నేను పల్లె వదిలి దూకింది అలాంటి ఫ్లాట్‌లోకే. ముగ్గురి పేర్లు డోర్ మీద, ఐదుగురం లోపల. మూడు నెలలు అడ్రసు నమోదు లేక తిరిగిన. దాని ముందు బస్సు బాధ బాధే కాదు.

అయినా పల్లెకి పొమ్మని మాత్రం చెప్పను.

మిర్యాల రైస్

అయితే ఏం చెప్తవ్ అన్నా, స్టేషన్‌లో పడుకోమంటవా?

బత్తాయి తోట

అందరికీ థాంక్స్. నిన్న రెండు చోట్లా అడిగినం.

ఎర్‌ఫుర్ట్ వాళ్ళు నివాస పత్రం గురించి "వచ్చినంక చూద్దాం తమ్మీ" అన్నారు. అంతకంటే స్పష్టంగా ఎలా చెప్తారు!

పల్లె ఓనరమ్మతో తమ్ముడు వీడియో కాల్ మాట్లాడాడు. ఇంతకుముందు ఎవరున్నారంటే ఒక నేపాలీ స్టూడెంటు అని చెప్పి, ఆ అబ్బాయిని అడిగి నంబరు పంపింది. ఆ అబ్బాయి అరగంట మాట్లాడాడు. మంచిదేనన్నాడు, కానీ మంచు పడితే పొద్దున ఏడు గంటలకల్లా ఇంటి ముందు దారి పారతో ఎత్తాలట, అది కిరాయిదారు పనట. తమ్ముడు సరేనన్నాడు. వాడు ఇంట్లో వాకిలి ఊడ్చింది నేనైతే చూడలేదు. పార్ట్ టైం సంగతి రైస్ అన్న చెప్పినట్టే ఉంది, సాయంత్రం షిఫ్టు కుదరదు. కాలేజీ లైబ్రరీలోనో ల్యాబ్‌లోనో పగటిపూట పని దొరుకుతుందేమో చూస్తానంటున్నాడు. దొరకకపోతే ఒక సెమిస్టర్ తర్వాత 15వ తేదీ లోపు నోటీసు.

మా నాయిన్ని ఒప్పించడం మిగిలింది. సగం ఒప్పుకున్నాక ఓనరమ్మ ఇంకో ప్రశ్న పంపింది, ఏ రోజు ఎన్నింటికి దిగుతావని. టికెట్ చూస్తే స్టేషన్‌కి చేరేది ఆదివారం రాత్రి తొమ్మిదింటికి. ఆదివారం బస్సే లేదు, ఆవిడకి రాత్రిపూట కారు నడపడం కష్టమట. నాయినకి చెప్తే నవ్వి, "మనూరికి నైట్ హాల్ట్ బస్సన్నా ఉంది కదరా" అన్నాడు.

టికెట్ శుక్రవారానికి మార్చాలంటే ఎంత కట్ చేస్తారో ఎవరికన్నా తెలుసా?