బెంగళూరు: ఫ్రెండ్స్‌తో మారతహళ్లిలో ఉండాలా, ఆఫీసు దగ్గరే చూసుకోవాలా?

తెనాలి_కుర్రాడు:

అందరికీ నమస్తే. వచ్చే 20న బెంగళూరులో జాయిన్ అవ్వాలి. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ 1లో, వారానికి మూడు రోజులు రావాలన్నారు, చేతికి 41 వేలు వస్తుంది. చదువు కూడా గుంటూరు దాటలేదు నాది, ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదలు.

నా ఇంజినీరింగ్ బ్యాచ్ వాళ్లు ముగ్గురు మారతహళ్లిలో ఫ్లాట్ తీసుకుని ఉంటున్నారు. ఒక మంచం ఖాళీ ఉంది వచ్చేయ్ రా, నీ వాటా ఎనిమిదిన్నర వేలు, వంటామె మన ఒంగోలు ఆవిడే అంటున్నారు. ఒంగోలు అన్న మాట వినగానే అమ్మ టెన్షన్ సగం పోయింది. మ్యాప్‌లో చూస్తే మాత్రం ఆఫీసు 20 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంది. నాన్నేమో అదెంతరా, తెనాలి నుంచి గుంటూరు అంతకన్నా ఎక్కువే, రోజూ ఎంతమంది వెళ్లి రావట్లేదు అంటున్నారు.

పోనీ ఆఫీసు వైపు సింగిల్ రూమ్ చూద్దామంటే ఫోన్ చేసిన ప్రతి ఓనరూ లక్ష అడ్వాన్స్ అంటున్నాడు. అద్దె 14 వేలకి లక్ష ఎందుకండీ, కొనుక్కుంటున్నామా?

మడివాళ_పాతకాపు:

తమ్ముడూ, తెనాలి గుంటూరు రోడ్డులో సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ లేదని నాన్నగారికి చెప్పు. నేను ఇక్కడికొచ్చి 11 ఏళ్లు, అందులో రెండేళ్లు మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకే తిరిగాను. వాన పడిన సాయంత్రం రెండు గంటలు పట్టిన రోజులు బోలెడు. ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు, ఇక పక్కన ఫ్రెండ్స్ ఉంటే ఏంటి లేకపోతే ఏంటి. ఇక్కడ దూరం ఎన్ని కిలోమీటర్లని అడగరు, ఎంతసేపని అడుగుతారు.

ఇప్పుడు నీకున్న అదృష్టం ఏంటంటే పసుపు లైన్ మెట్రో. 2025 ఆగస్టులో మొదలైంది, ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 16 స్టేషన్లు, నీ ఆఫీసు ఏరియాలోనే దిగొచ్చు. కాబట్టి ఆ లైన్ వెంట చూడు: బీటీఎం, బొమ్మనహళ్లి, హొంగసంద్ర, కూడ్లు గేట్, సింగసంద్ర, హోస రోడ్. బీటీఎంలో అద్దె ఎక్కువ, కూడ్లు గేట్ దాటాక కాస్త దిగుతుంది. మారతహళ్లి వైపు మెట్రో పని మాత్రం ఇంకా సాగుతూనే ఉంది.

అడ్వాన్స్ సంగతి. ఇక్కడ ఒకప్పుడు పది నెలల అద్దె ముందే కట్టించుకునేవాళ్లు, ఇప్పుడు ఐదారు నెలలకి దిగొస్తున్నారు, గట్టిగా అడిగితే ఇంకా తగ్గే ఓనర్లూ ఉన్నారు. అసలు దెబ్బ ఖాళీ చేసేటప్పుడు తగులుతుంది. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసేస్తారు, నువ్వు ఆర్నెల్లే ఉన్నా సరే. నాకు అలా 19 వేలు పోయింది, అగ్రిమెంట్‌లో ఉంది చూసుకోండి అన్నాడాయన, తీరా చూస్తే నిజంగానే ఉంది. పదకొండు నెలల అగ్రిమెంట్ ఇస్తారు, సంతకం పెట్టేముందు ప్రతి లైనూ చదువు. నీళ్లు కావేరివా, బోరువా, ట్యాంకరా అని కూడా అడుగు, 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి మా వీధిలో ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ వాళ్లంతా కొట్టుకున్నంత పని చేశారు.

చూడకుండా టోకెన్ మాత్రం ఎవరికీ పంపకు. నేను మిలిటరీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, ఐదు వేలు వేస్తే ఇల్లు ఆపుతాను అని ఎవడైనా ఫోన్‌లో అంటే కట్ చేసేయ్.

కడప_అక్క:

ముందు ఒకట్రెండు నెలలు పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో ఉండు నాన్నా, ఇల్లు తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఇద్దరి రూమ్ అయితే తిండితో కలిపి పది వేల చుట్టూ దొరుకుతుంది, అడ్వాన్స్ కూడా చిన్నదే. అందులో మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఈ రెండూ వాట్సాప్‌లో రాయించుకో. నోటి మాట అయితే వెళ్లేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఆంధ్రా పీజీ అని బోర్డు చూసి మోసపోకు. నడిపేది మనవాళ్లే అయినా వండేది ఎవరో, సాంబార్‌లో బెల్లం వేసేవాళ్లూ ఉంటారు. డబ్బు కట్టేముందు ఒక పూట అక్కడ తిని చూడు, అది కూడా రాత్రి పూట. పొద్దున ఇడ్లీ ఎక్కడైనా ఇడ్లీనే.

మడకశిర_మనిషి:

నేను వేరే మాట చెప్తాను. మారతహళ్లిలో ఉంటే పాలవాడి దగ్గర్నుంచి బార్బర్ దాకా తెలుగే, నువ్వు తెనాలి నుంచి ఎక్కడికీ వచ్చినట్టుండదు. మా రూమ్మేట్ ఒకడు ఆరేళ్లుండి కూడా ‘కన్నడ గొత్తిల్ల’ (కన్నడ తెలీదు) ఒక్కటే నేర్చుకున్నాడు. మనకి అంత కష్టం కూడా కాదు కదా, లిపి దాదాపు మనదే, తలకట్టు తేడా పట్టుకుంటే వారంలో బస్సు బోర్డులు చదివేస్తావు. బేకు (కావాలి), బేడ (వద్దు), ఎష్టు (ఎంత), ఊట ఆయ్తా (భోజనం అయిందా), ఈ నాలుగు ముక్కలతో మొదటి నెల గడిచిపోతుంది.

మా ఊరికి మూడు వైపులా కర్ణాటకే కాబట్టి నాకు ముందే వచ్చు, కానీ రాజమండ్రి ఫ్రెండ్‌తో ఇల్లు చూడ్డానికి వెళ్తే పక్కింటాయన ‘మనె చెన్నాగిదె’ అన్నాడు, బాగుంది అని. మావాడు ‘చిన్నగా ఉందంట రా, పద పోదాం’ అని మెట్లు దిగిపోయాడు! ఇల్లు పోయింది.

గాజువాక_విజయ్:

పైవాళ్లు చెప్పింది కరెక్టే కానీ ఒక్కడివే రూమ్ మాత్రం వద్దు బ్రో. నేను ఆఫీసు పక్కనే సింగిల్ రూమ్ తీసుకుని శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన వారాలున్నాయి. పీజీలో ఉండు, శనివారం మారతహళ్లి వెళ్లి ఒంగోలు ఆవిడ వంట తినిరా. సంక్రాంతి టికెట్ కూడా గుర్తుపెట్టుకో, రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. ఆ పొద్దున ఎనిమిదింటికి కూర్చోకపోతే ప్రైవేట్ బస్సు వాడు చెప్పిన రేటు కట్టాల్సిందే.

తెనాలి_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. సిల్క్ బోర్డు మాట నాన్నకి చదివి వినిపించా, నవ్వి ఊరుకున్నారు, అంటే ఒప్పుకున్నట్టే. కూడ్లు గేట్ దగ్గర రెండు పీజీలు రాసుకున్నా, వెళ్లాక తిని చూసి తేల్చుకుంటా. ఇప్పుడు కొత్త సమస్య, అమ్మ ఆవకాయ జాడీ పట్టుకుని తనూ వస్తానంటోంది. పీజీలో అమ్మని ఒక్క రాత్రి ఉండనిస్తారా?

కడప_అక్క:

మగపిల్లల పీజీలో ఉండనివ్వరు నాన్నా, దగ్గర్లో లాడ్జిలో ఒక రోజు రూమ్ తీసుకో. అమ్మని తప్పకుండా తీసుకురా, ఆ రాత్రి భోజనం ఆవిడ చేతే రుచి చూపించు. జాడీ మాత్రం వద్దు, స్టీలు డబ్బాలో పెట్టి రెండు కవర్లు చుట్టండి. నేను వచ్చిన మొదటి రోజు ఆఫీసుకి వేసుకున్న డ్రెస్ మీద ఆ ఎర్ర మరక ఇప్పటికీ ఉంది.