సరుకులు ఇవ్వడానికి వంట తరగతిని షరతుగా పెట్టవచ్చా?

చెట్టునీడ:
మా స్వచ్ఛంద బృందం ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు వంట సరుకులు పంచుతోంది. మేమిచ్చిన గింజలు కొన్ని ఇళ్లలో విప్పకుండానే పురుగు పడుతున్నాయని తెలిసింది. దాంతో ఒక ప్రతిపాదన వచ్చింది: వంట తరగతికి వచ్చినవారికే మరుసటి నెల సరుకులు. బృందం రెండుగా చీలిపోయింది. మీరేమంటారు?

ఉడుకునీళ్లు:
షరతు పెట్టాల్సిందే. ఎన్నడూ పొయ్యి వెలిగించని యువకులు, వండిపెట్టే మనిషిని పోగొట్టుకున్న వృద్ధులు సాయం కోరేవారిలో ఉంటారు. వాళ్ల చేతిలో పచ్చి గింజల సంచి పెట్టి పంపడం సగం సాయమే, ఒక్కోసారి ప్రమాదం కూడా. ఎర్ర రాజ్మానే తీసుకోండి. వాటిలో సహజంగా ఉండే లెక్టిన్, గింజ సరిగా ఉడకకపోతే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు తెస్తుంది. గంటల తరబడి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కుతకుత ఉడికించాలి. నీళ్లు మరగకుండా సన్నని సెగ మీద ఎంతసేపు ఉంచినా ఆ విషం పోదు. ఇది చీటీ మీద రాసిస్తే సరిపోయే విషయం కాదు, దగ్గరుండి చూపించాలి. ఊరికే పిలిస్తే ఎవరూ రారు కాబట్టే షరతు అంటున్నాను.

మట్టిగాజు:
ఉడుకునీళ్లు గారూ, నేర్పడం మీద నాకు పేచీ లేదు. షరతు మీదే ఉంది. తరగతికి రాలేనివారెవరో ఒక్కసారి ఆలోచించండి. పని మానితే ఆ రోజు కూలి పోయేవారు, మంచం పట్టిన మనిషిని విడిచి కదలలేనివారు, చంటిబిడ్డ తల్లులు. అందరికంటే ముందు తిండి అందాల్సిన వాళ్లే మీ జాబితాలోంచి జారిపోతారు.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణం తిండిని ప్రతి మనిషి హక్కుల్లో చేర్చింది. హాజరు పట్టీ చూసి ఇవ్వమనలేదు.

ఇంకో మాట. గింజలకు పురుగు పట్టిందంటే వండడం రాదనే ఎందుకు అనుకోవాలి? విపత్తుల్లో మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలు కావాలని సహాయ సంస్థలు లెక్క వేస్తాయి. ఆ కేలరీలు గింజలోంచి కడుపులోకి చేరడానికి మధ్యలో గిన్నె, నీళ్లు, వంటచెరకు ఉండాలి. ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది ఇప్పటికీ కట్టెలు, బొగ్గు, పిడకలు, కిరోసిన్ వంటివాటి మీదే వండుకుంటున్నారు. గంటసేపు ఉడకాల్సిన గింజకు ఎంత కట్టె కాలుతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. వండడం చేతకాక కాదు, మండించడానికి లేక మూట కట్టి పెట్టారేమో!

పక్కవాకిలి:
నేను ఆ వరుసలో నిలబడ్డ మనిషిని. మూడు కుటుంబాలకు ఒకటే పొయ్యి, వంతులవారీగా వండుకునేవాళ్లం. ఇంట్లో ఏముందని మమ్మల్ని ఎవరూ అడగలేదు. పోషకాహారం గురించి మాత్రం చాలా చెప్పారు. కూర్చుని విన్నాను, సరుకులు కావాలి కదా.

ఉడుకునీళ్లు:
పక్కవాకిలి గారూ, మీ మాట మనసుకు తగిలింది. షరతు మాట వెనక్కి తీసుకుంటాను. కానీ షరతు తీసేస్తే తరగతులు ఖాళీగా ఉంటాయి, ఆ తర్వాత దాతలు వాటికి డబ్బివ్వడం మానేస్తారు. దీనికి దారి చెప్పండి.

మట్టిగాజు:
వచ్చినవారికి పనికొస్తే తరగతి ఖాళీగా ఉండదు. ఆ వారం సంచిలో వేసినవే అక్కడ వండాలి, అదీ ఒకే పొయ్యి మీద, ఒకే గిన్నెలో. వండింది అందరూ కలిసి తినాలి, మిగిలింది ఇంటికి పట్టుకెళ్లాలి. పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. నానబెడితే, మూత పెడితే వంటచెరకు ఎంత మిగులుతుందో కళ్లముందే తెలుస్తుంది. ఉన్న పొయ్యి మీద రుచిగా వండగలవారు అక్కడికొచ్చే వాళ్లలోనే ఉంటారు, గరిటె వాళ్ల చేతికివ్వండి. జీతం కూడా ఇవ్వండి.

చెట్టునీడ:
మిగిలింది ఇంటికి పంపడమే నాకు భయం. చాలామందికి ఫ్రిజ్ లేదు.

మట్టిగాజు:
మీ భయం సరైనదే. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అన్నం విషయంలో మరీ జాగ్రత్త, ఒకసారి విషం ఊరాక మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి ఫ్రిజ్ లేనివారికి ఆ పూటకు సరిపడేంతే ఇచ్చి పంపండి. మొదటి తరగతిలో ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

ఉడుకునీళ్లు:
ఒప్పుకున్నాను. రాజ్మా విషయంలో మాత్రం తగ్గను. ఎలా వండాలో చూపించేదాకా వాటిని సంచిలో వేయకండి. అప్పటిదాకా నానబెట్టకుండానే త్వరగా ఉడికే పప్పు ఇవ్వండి.