నూనె కవళ్ళు (ఆయిల్ సార్డిన్ చేపలు) మన తీరానికి వచ్చాయా, మనమే ఎక్కువ పట్టేస్తున్నామా?

పులుసుపిచ్చి (తిరుపతి):
ఆదివారం మార్కెట్లో కవళ్ళు కొంటుంటే, అమ్మే అక్క "మా అమ్మ కాలంలో ఇన్ని ఎక్కడివి సార్, సముద్రం వేడెక్కి కేరళ వైపు నుంచి ఇటొచ్చేశాయి" అంది. ఇంటికొచ్చి చదివాను. 1980ల దాకా ఇది ముఖ్యంగా మలబారు (కేరళ వైపు తీరం) చేప, 8 నుంచి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉండేది. తర్వాత తమిళనాడు, ఆంధ్ర వలల్లో బాగా పడటం మొదలైంది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటి వేడినే కారణంగా చూపారు. నాకూ అదే నిజమనిపిస్తోంది.

సూళ్లూరుపేట మామ:
అన్నీ వేడి మీద తోసేస్తే ఎలా బాబూ? అప్పుడు తెరచాప పడవలు, ఇప్పుడు మోటార్లు, పెద్ద వలలు. ఎక్కువ చేపలు దొరకవా మరి? కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడ్డాయి, 2021లో 3,300 టన్నులే. అందరూ ఇటొచ్చాయన్నారు. 2023లో అక్కడ మళ్ళీ లక్ష దాటింది. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొచ్చాయా?

పులుసుపిచ్చి:
నవ్వించారు మామా. కానీ కేరళలో పెరగడం తగ్గడం వేరు, చేపలుండే హద్దు ఇటు జరగడం వేరు. అక్కడి హెచ్చుతగ్గులు రుతుపవనాల మీద, అప్పుడు కింది నీళ్ళు పైకొచ్చి పెరిగే నాచు మీద ఆధారపడతాయి. పిల్ల చేపల్ని ఊడ్చేయడం కూడా ఉంది. హద్దు జరగడమంటే అదే చేప కన్యాకుమారి చుట్టి ఈదుకొచ్చిందని కాదు, అంచున పెట్టిన గుడ్లు, పిల్లలు ఇప్పుడు బతుకుతున్నాయని. కానాగంతలు (మాకెరెల్) చూడండి. పైనీటి చేప. 1985-89లో దొరికిన వాటిలో 2 శాతమే అడుగు ట్రాలర్లకు (సముద్రం అడుగున వల ఈడ్చే పడవలకు) పడేవి, 2003-07కి 15 శాతం. పైన వేడెక్కితే కిందికి దిగవా?

సూళ్లూరుపేట మామ:
ట్రాలు వల నోరు ఇప్పుడు ఎంత ఎత్తుగా తెరుచుకుంటుందో చూశావా? చేప దిగిందా, వల ఎక్కిందా?

తడ రొయ్య:
మీ గొడవ బాగుంది గానీ, పులికాట్ ముఖద్వారం ఇసుకతో పూడిపోతే మాకు ఏ చేపా రాదు.

పులుసుపిచ్చి:
వల మాట నేను ఆలోచించలేదు మామా, ఒప్పుకుంటున్నా. అయితే టన్నులు కాదు, ఒకే రకం పడవ, ఒకే రకం వలతో గంటకు ఎంత పట్టిందో చూడాలి. అది పెరిగితే నా మాట, లేకపోతే మీ మాట.

సూళ్లూరుపేట మామ:
ఆ లెక్క దొరికితే పెట్టు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, ఖాళీగానే ఉంటా.