నూ భాష కథల రికార్డింగ్: క్లిక్ శబ్దాలు సరిగ్గా పడటం లేదు

కాలహారి_దారి: దక్షిణాఫ్రికా నార్తర్న్ కేప్‌లో ఉపింగ్టన్ దగ్గర, నూ భాష నేర్పే స్థానిక బృందానికి సాయంగా కథలు రికార్డ్ చేయాలి. నూ అంటే అక్కడి ఆదివాసులైన సాన్ ప్రజల భాష, నాలుకతో, పెదవులతో చేసే 'క్లిక్' చప్పుళ్లు అందులో హల్లులు. రెండు వారాలే టైమ్. ఫోన్‌లో తీసిన శాంపిల్‌లో క్లిక్‌లు కొన్ని అసలు వినపడవు, కొన్ని పగిలిపోయాయి. తప్పు పరికరానిదా, పద్ధతిదా?

ధ్వనిపెట్టె: రెండిటిదీ. ఫోన్‌లో రొద తగ్గించే ఏర్పాటు క్లిక్‌ని తలుపు చప్పుడో గిన్నె చప్పుడో అనుకుని నొక్కేస్తుంది. పగిలినవి ఆటో లెవెల్ వల్ల: మనిషి ఆగగానే అది శబ్దం పెంచి కూర్చుంటుంది, తర్వాతి క్లిక్ నేరుగా గోడకి కొట్టుకుంటుంది.

విడి రికార్డర్ తీసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. ఆటో లెవెల్ ఆపేసి, మాట −18 డెసిబెల్స్ దగ్గర ఉండేలా, క్లిక్‌లు −6 దాటకుండా చూసుకోండి. మోనో అయితే గంటకి సుమారు 520 ఎంబీ, అంతే. ఎంపీ3 వద్దు. తలకి పెట్టుకునే మైక్ నోటి ఎదురుగా కాదు, పెదవి మూలకి పక్కగా, మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో. కాలర్ మైక్ శాలువాకి రాసుకుంటుంది.

ఇంకోటి: రేకుల ఇల్లయితే పొద్దున్నే కానిచ్చేయండి. ఎండెక్కాక రేకులు వ్యాకోచించి టక్ టక్ మంటాయి. రికార్డింగ్‌లో అది రేకో, నాలుకో తేల్చలేక తల పట్టుకోవాలి.

అంగిలి_నాలుక: వీడియో కూడా తప్పనిసరి. ఈ భాషలో క్లిక్‌లు ఐదు రకాలు. ఒకటి మనం జాలిపడి 'ప్చ్' అన్నప్పుడు నాలుక పళ్లకి తగిలి వచ్చేదే, కానీ అక్కడ అది మాటలో హల్లు. ఇంకోటి బండివాడు గుర్రాన్ని అదిలించినట్టు బుగ్గ పక్క నుంచి వస్తుంది. పెదవులతో ముద్దు చప్పుడులా వచ్చేది ప్రపంచంలో చాలా కొద్ది భాషల్లోనే ఉంది. అది చెవికంటే కంటికే బాగా తెలుస్తుంది. అందుకే కెమెరా ముఖానికి ఎదురుగా, కొంచెం దగ్గరగా. ముందు పళ్లు ఊడిన పెద్దవాళ్ల దగ్గర పళ్ల క్లిక్ మారుతుంది, దాన్ని వేరే మాండలికం అని రాసుకోకండి.

ఇక కథ. 'తాబేలుని ఏమంటారు, నిప్పుకోడిని ఏమంటారు' అంటూ అక్కడ ఎక్కువమంది మాట్లాడే ఆఫ్రికాన్స్ భాషలో వాక్యాలిచ్చి అనువదించమంటే వాక్య నిర్మాణమూ ఆఫ్రికాన్స్‌దే వస్తుంది. కథని మూడు దఫాలుగా తీయండి. మొదట ఆపకుండా, భాష కొంచెమైనా తెలిసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే పది నిమిషాల కథ రెండు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత అదే రికార్డింగ్ వినిపిస్తూ, వాక్యం వాక్యం నిదానంగా మళ్లీ చెప్పించండి. మూడోసారి ఆఫ్రికాన్స్‌లో అర్థం. రెండో దఫా ఎగ్గొడితే రాసుకునేటప్పుడు ఏడుస్తారు: ఒక్క గంట ఆడియో రాయడానికి యాభై గంటలు పట్టడం మామూలే.

1870ల్లో కేప్‌టౌన్‌లో ఈ భాషకి దగ్గరి చుట్టమైన ఖామ్ భాష కథలు వేల పేజీలు రాసుకున్నారు. అప్పుడు చెప్పేవాళ్లు రాసే చేతి వేగానికి ఆగి ఆగి చెప్పాల్సి వచ్చింది. ఖామ్ ఇప్పుడు ఎవరి నోటా లేదు, 2000లో తీసుకున్న దక్షిణాఫ్రికా రాజచిహ్నం మీద నినాదంగా మాత్రం ఉంది.

పాత_బీరువా: మైకులు కొనే ముందు ఉన్నదేంటో చూడండి. 1970ల్లో పోయిందనుకున్న నూ మాట్లాడేవాళ్లు 1990ల చివర్లో మళ్లీ కనబడ్డారు. అప్పటి నుంచి వాళ్ల దగ్గర చాలానే రికార్డ్ చేశారు. తొంభై ఏళ్ల మనిషిని అదే పదాల జాబితా మళ్లీ చెప్పమనడం అన్యాయం. 1933లో పుట్టిన కత్రినా ఈసౌ తన ఇంట్లోనే పిల్లలకి ఈ భాష నేర్పారు, 2014లో ప్రభుత్వ పురస్కారం అందుకున్నారు. 2021లో తాబేలు, నిప్పుకోడి కథతో పిల్లల పుస్తకం వచ్చింది. బృందానికి కావాల్సింది పాఠానికి పనికొచ్చే చిన్న ముక్కలా, పూర్తి కథలా అన్నది వాళ్లనే అడగండి.

అనుమతికి 2017 నాటి సాన్ పరిశోధన నియమావళి ఉంది, చదవకుండా వెళ్లొద్దు. ఒకే సంతకం చాలదు. భద్రపరచడానికి, క్లాసులో వాడటానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి విడివిడిగా అడగాలి. కాగితంతో పాటు నోటిమాటగా కూడా రికార్డ్ చేయండి.

కాలహారి_దారి: అందరికీ థాంక్స్. ఇంగ్లిష్ అక్షరాల్లో భాష పేరు N|uu అని రాస్తారు కదా, ఫైల్ పేర్లలో ఆ నిలువు గీత పెడితే విండోస్ ఒప్పుకోవట్లేదు?

పాత_బీరువా: కీబోర్డ్ మీది నిలువు గీత ఫైల్ పేరులో కుదరదు. అసలు క్లిక్ గుర్తు అది కాదు, యూనికోడ్‌లో 01సీ0. ఆశ్చర్యార్థకంలా కనిపించేది కూడా వేరే, 01సీ3. ఒకరు ఇదీ ఒకరు అదీ కొడితే రేపు వెతికినప్పుడు సగం పదాలు దొరకవు. ఈలాన్‌లో (ఆడియో, వీడియో వింటూ రాసుకునే సాఫ్ట్‌వేర్) రాసేటప్పుడు మొదటి రోజే ఒక కీబోర్డ్ లేఅవుట్ అందరికీ పెట్టించండి. ఫైల్ పేర్లలో ఈ గుర్తులేవీ వద్దు: భాష కోడ్, తేదీ, వరస నంబర్ చాలు. చెప్పిన మనిషి పేరు, ఊరు, అనుమతి వివరాలు వేరే పట్టికలో. ప్రతి సాయంత్రం రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, రెండూ తెరిచి విన్నాకే కార్డు చెరపండి. ఒక డిస్కు బృందం దగ్గరే వదిలి రండి.